ఫుకుషిమా సీజియం ఇప్పుడు ఎక్కడుంది?

2023 మే నెలలో ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్ కేంద్రం రేవులో ఒక చేపను పట్టి పరీక్షించారు. కురోసోయ్ అనే రకం, రాక్‌ఫిష్ జాతిది. దాని కండలో కిలోకి 18,000 బెక్వెరల్స్ రేడియోధార్మిక సీజియం ఉంది. ఒక బెక్వెరల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. జపాన్‌లో చేపలకు పెట్టిన పరిమితి కిలోకి 100. అంటే 180 రెట్లు. 2011లో కేంద్రంలో ప్రమాదం జరిగి అప్పటికే పన్నెండేళ్లు దాటింది. అదే సమయంలో ఆ రేవు గోడ బయట, ఫుకుషిమా తీరం పొడవునా పట్టి పరీక్షించిన చేపల్లో దాదాపు అన్నీ పరిమితికి చాలా కింద ఉన్నాయి. ఎక్కువ వాటిలో సీజియం పరికరానికి కూడా అందలేదు.

రెండూ నిజమే. మొదటి వార్త పట్టుకుని పసిఫిక్ అంతా విషమైపోయిందని పోస్టులు పెట్టేవాళ్లున్నారు. రెండోది పట్టుకుని సముద్రం అంతా కడిగేసింది, ఇంకా టెన్షన్ దేనికి అనేవాళ్లున్నారు. ఈ రెండు వర్గాలూ సముద్రమంటే ఒకే పెద్ద నీళ్ల తొట్టి అనుకుంటున్నాయి. సీజియం విషయంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఎంత విడుదలైంది, అర్ధాయువు (సగం తరగడానికి పట్టే కాలం) ఎంత అనేవి తేలిగ్గా దొరికే అంకెలు. అది ఎక్కడ చేరి కూర్చుంది అన్నదాన్ని బట్టే కాలుష్యం ఎన్నాళ్లుంటుందో తేలుతుంది.

అర్ధాయువు సంగతి ముందు చూద్దాం. ఫుకుషిమా నుంచి ప్రధానంగా రెండు రకాల సీజియం వచ్చాయి. సీజియం-134 రెండేళ్లకొకసారి సగమవుతుంది. సీజియం-137 సగం కావడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. ప్రమాదం నాటికి రెండూ దాదాపు సమాన పాళ్లలో ఉన్నాయి. 2011 మార్చి నుంచి పదిహేనేళ్లు లెక్కేస్తే మొదటిది నూట యాభయ్యో వంతుకు పడిపోతుంది. రెండోది మాత్రం 70 శాతం దాకా అలాగే ఉంటుంది.

ఇప్పుడు దీన్ని చేపల లెక్కతో పోల్చండి. 2011 వేసవి దాకా ఫుకుషిమా తీరంలో పట్టి పరీక్షించిన చేపల్లో సగానికి పైగా కిలోకి 100 బెక్వెరల్స్ దాటాయి. 2015 తర్వాత అలా దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సీజియం-137 అన్నాళ్లలో పదో వంతు కూడా తరగలేదు. చేపలు శుభ్రపడ్డాయంటే ఆ ఘనత అర్ధాయువుది కాదు. సీజియం అక్కడి నుంచి ఎక్కడికో వెళ్లిపోయింది, లేదా చేపకు అందని చోట ఇరుక్కుంది.

సముద్రంలోకి ఎలా వచ్చింది

సీజియం 671 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. రియాక్టర్‌లో యురేనియం ఇంధనం కరగాలంటే 2,800 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకే ఇంధనం కరిగే ప్రమాదం ఏది జరిగినా, బయటికి ముందు పరిగెత్తే వాటిలో సీజియం ఒకటి. 2011 మార్చి 11న భూకంపం, దాని వెనకే సునామీ. కరెంటు పోయి, చల్లబరిచే ఏర్పాట్లు ఆగి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. గాల్లోకి వెళ్లిన సీజియంలో ఎక్కువ భాగాన్ని, దాదాపు 80 శాతాన్ని, గాలి సముద్రం వైపే తోసింది. జపాన్‌కు ఇది పెద్ద అదృష్టం. గాలి అటు తిరగకుండా ఉంటే నేల మీద ఎంత పడేదో ఊహించుకోవచ్చు.

రెండో దారి నేరుగా నీళ్లలోంచి. రియాక్టర్లను చల్లార్చడానికి పోసిన నీళ్లే కరిగిన ఇంధనాన్ని తాకి, భవనాల అడుగుకు చేరి, పగుళ్ల గుండా బయటికి వచ్చాయి. రెండో రియాక్టర్ దగ్గర కేబుళ్లు వెళ్లే గుంతలో పగులు నుంచి నీళ్లు సముద్రంలోకి దూకుతుంటే సిమెంటు పోశారు, రంపపు పొట్టు, ముక్కలు చేసిన వార్తాపత్రికలు కూడా వేశారు. దేనికీ ఆగలేదు. చివరికి సోడియం సిలికేట్ ఎక్కించాక ఏప్రిల్ 6న ధార కట్టుబడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కేంద్రం నీళ్లు వదిలే కాలువ దగ్గర ఘనపు మీటరు నీటిలో సీజియం-137 దాదాపు 6.8 కోట్ల బెక్వెరల్స్‌కు చేరింది. ప్రమాదానికి ముందు ఆ తీరంలో ఉన్నది 1, 2 బెక్వెరల్స్ మాత్రమే. ఒక బెక్వెరల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం.

ధార ఆగాక ఒక్క నెలలో ఆ అంకె వెయ్యి రెట్లు తగ్గింది. ఆ తర్వాత మాత్రం తగ్గడం నెమ్మదించింది. సముద్ర శాస్త్రవేత్తలకు అనుమానం వచ్చింది ఇక్కడే. కొత్తగా ఏమీ చేరకపోతే ప్రవాహాలు అదే వేగంతో పలచన చేస్తూ పోవాలి. అలా జరగడం లేదంటే ఎక్కడో ఇంకా కారుతున్నట్టు. 2013 జులైలో, కలుషిత భూగర్భ జలం సముద్రంలోకి పోతోందని కేంద్రాన్ని నడిపే టెప్కో కంపెనీ ఒప్పుకుంది. తర్వాత తీరం వెంబడి భూమిలోకి ఉక్కు గోడ దింపారు, అది 2015 అక్టోబరులో పూర్తయింది. భవనాల చుట్టూ కిలోమీటరున్నర పొడవున మట్టిని గడ్డకట్టించి మంచు గోడ కట్టారు. లీకులు బాగా తగ్గాయి. పూర్తిగా ఆగలేదు.

నడి సముద్రంలో ఏమైంది

ఉత్తర పసిఫిక్‌లో ఫుకుషిమా వల్ల చేరిన సీజియం-137 మొత్తం 15 నుంచి 18 పెటాబెక్వెరల్స్ అని జపాన్ పరిశోధకుల లెక్క. ఒక పెటాబెక్వెరల్ అంటే ఒకటి పక్కన పదిహేను సున్నాలు. ఆ సముద్రంలో అప్పటికే, 1950, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షల తాలూకు సీజియం-137 దాదాపు 69 పెటాబెక్వెరల్స్ ఉంది. అంటే ఉన్నదానికి పాతిక శాతం దాకా తోడైందన్నమాట. ఇది చిన్న మొత్తమేమీ కాదు. పసిఫిక్‌లో సీజియం ఫుకుషిమాతో మొదలు కాలేదన్నది కూడా మరిచిపోకూడదు.

పాతదేదో కొత్తదేదో ఎలా తెలుస్తుంది? అందుకు సీజియం-134 పనికొచ్చింది. బాంబు పరీక్షలు ముగిసి అన్ని దశాబ్దాలైంది కాబట్టి 2011 నాటికి సముద్రంలో ఆ రకం లేదు. నీటిలో గానీ చేపలో గానీ అది కనిపిస్తే ఫుకుషిమాదే అని వేలెత్తి చూపొచ్చు. 2011 ఆగస్టులో అమెరికాలో శాన్ డియాగో దగ్గర పట్టిన బ్లూఫిన్ ట్యూనాల్లో అది దొరికింది. జపాన్ దగ్గర పుట్టిన ఆ చేపలు నీటి ప్రవాహం కన్నా ముందే ఈదుకుంటూ సీజియాన్ని పసిఫిక్ దాటించాయి. రెండు రకాల సీజియమూ కలిపి ఎండబెట్టిన కండ కిలోకి 10 బెక్వెరల్స్ చుట్టూ ఉంది. అదే కండలో సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం-40 దాదాపు 350.

నీళ్లు మాత్రం నింపాదిగా వెళ్లాయి. కురోషియో ప్రవాహం తూర్పుకు మోసుకుపోయిన సీజియం కెనడా పశ్చిమ తీరంలోని యుక్లులెట్ అనే ఊరి దగ్గర 2015 ఫిబ్రవరిలో కనిపించింది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో కెన్ బ్యూస్లర్ బృందం కొలిచింది. ఘనపు మీటరుకు సీజియం-134 అయితే 1.4, సీజియం-137 అయితే 5.8 బెక్వెరల్స్. ఫుకుషిమా కాలువ దగ్గరి 6.8 కోట్లతో పోల్చుకోండి. కొంత భాగం చలికాలంలో బరువెక్కి మునిగే నీటితో పాటు మూడు నాలుగు వందల మీటర్ల లోతుకు దిగి, అక్కడి ప్రవాహాల్లో చుట్టు తిరిగి, కొన్నేళ్లకు మళ్లీ జపాన్ దక్షిణ తీరాల వైపు వచ్చింది. ఆ అంకెలు కూడా స్వల్పమే. శాస్త్రవేత్తలకు మాత్రం పండగ. లోతు నీళ్లు ఏ దారిన, ఎంత వేగంగా కదులుతాయో తెలుసుకోవడానికి ఇంత స్పష్టమైన గుర్తు మామూలుగా దొరకదు.

పసిఫిక్ మొత్తం ఎర్రగా, ఊదాగా మెరిసే ఒక పటం ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరిగింది, మీరూ చూసే ఉంటారు. అది రేడియేషన్ పటం కాదు. 2011 సునామీ అలలు ఎంత ఎత్తున లేచాయో చూపిస్తూ అమెరికా సంస్థ నోవా తయారు చేసింది.

నడి సముద్రం విషయంలో కడిగేసిందనే మాట చాలా వరకు సరే. అన్ని సముద్రాలకూ ఇది వర్తిస్తుందనుకుంటే పొరపాటు. 1986లో చెర్నోబిల్ మేఘం వానగా కురిసి బాల్టిక్ సముద్రంలో సీజియం-137 దాదాపు నాలుగున్నర పెటాబెక్వెరల్స్ చేరింది. ఫుకుషిమా పసిఫిక్‌కు ఇచ్చినదానిలో మూడో వంతు కూడా లేదు. అయినా బాల్టిక్ దశాబ్దాల పాటు ప్రపంచంలోనే సీజియం ఎక్కువున్న సముద్రాల్లో ఒకటిగా మిగిలింది. కారణం, అది లోతు లేనిది, చుట్టూ నేలే, డెన్మార్క్ దగ్గరి ఇరుకు జలసంధుల గుండా తప్ప బయటి సముద్రంతో రాకపోకల్లేవు. నీళ్లు పూర్తిగా మారాలంటే పాతిక ముప్పై ఏళ్లు పడుతుంది. పైగా ఆ నీళ్లలో ఉప్పు తక్కువ. ఉప్పు తక్కువైతే చేప ఒంట్లో సీజియం ఎక్కువ చేరుతుంది.

చేపలో సీజియం

సీజియం, పొటాషియం ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసవి. ప్రాణుల కణాలు పొటాషియాన్ని లాక్కునేటప్పుడు సీజియాన్ని కూడా కలిపి లాక్కుంటాయి. అందుకే అది కండలో చేరుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. అంత పొటాషియం మధ్య సీజియానికి లోపలికి వెళ్లే అవకాశం తక్కువ. పైగా సముద్రపు చేప నిత్యం ఉప్పునీళ్లు తాగుతూ, అదనపు ఉప్పును బయటికి పంపుతూ ఉంటుంది. ఆ పంపకంలో సీజియం కూడా పోతుంది. శుభ్రమైన నీటిలో ఉంటే రెండు మూడు నెలల్లో దాని ఒంట్లో ఉన్నది సగానికి పడిపోతుంది. మంచినీటి చేప పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఉప్పు దొరకని చోట బతికేది కాబట్టి దొరికింది వదలదు. గున్మా రాష్ట్రంలో అకగి కొండ మీద ఒనుమా అనే సరస్సు ఉంది. ఫుకుషిమా కేంద్రానికి చాలా దూరం. అయినా అక్కడి వకసగి అనే చిన్న చేపలు పట్టి తినడంపై ఏళ్ల తరబడి ఆంక్షలు నడిచాయి, సముద్రపు చేపలు మార్కెట్‌కు వచ్చేసిన తర్వాత కూడా.

సముద్రంలోనూ అన్ని చేపలూ ఒకటి కావు. ఆక్టోపస్‌లు, కొన్ని రకాల నత్తల్లో సీజియం నిలవలేదు. 2012 జూన్‌లో ఫుకుషిమా తీరంలోని సోమా దగ్గర మత్స్యకారులు ప్రయోగాత్మకంగా వేట మొదలుపెట్టింది వీటితోనే. పైపైన తిరుగుతూ వలస పోయే చేపలూ త్వరగా తేరుకున్నాయి. ఆలస్యమైంది అడుగున బతికే వాటికే. ఐనమే అని పిలిచే గ్రీన్‌లింగ్, రాక్‌ఫిష్‌లు, కొన్ని నాలుక చేపల్లాంటి బల్లపరుపు చేపలు. ఇవి అడుగు మట్టిలోని పురుగుల్ని, చిన్న జీవుల్ని తింటాయి, ఒకే చోట ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

ఇప్పుడు రేవు సంగతి. కరిగిన రియాక్టర్ల ముందరి రేవు అడుగున చేరిన మట్టి, పాడైన కాలువల నుంచి వానకు కొట్టుకొచ్చే నీళ్లు, ఈ రెండిటి మధ్య అక్కడి చేపలు పెరిగాయి. 2013 ఫిబ్రవరిలో ఆ రేవులో పట్టిన ఒక గ్రీన్‌లింగ్‌లో కిలోకి 7,40,000 బెక్వెరల్స్ ఉన్నాయి. ఇప్పటి వరకూ రికార్డు అదే. అలాంటి చేపను కిలో తింటే ఒంటికి తగిలే మోతాదు 10 మిల్లీసీవర్ట్స్ పైనే ఉంటుంది. ప్రకృతి నుంచి మనకు ఏడాదికి సగటున వచ్చే 2.4 మిల్లీసీవర్ట్స్‌కు నాలుగు రెట్లకు పైగా. రేవు అడుగును సిమెంటు, బంకమన్ను కలిపిన పొరతో కప్పారు, ముఖద్వారం దగ్గర వలలు కట్టారు, లోపలి చేపల్ని పట్టి తీసేస్తూ వచ్చారు. అయినా కొన్ని తప్పించుకుంటున్నాయి. 2022 జనవరిలో సోమా దగ్గర బయటి సముద్రంలో దొరికిన కురోసోయ్‌లో 1,400 బెక్వెరల్స్ కనిపించాయి. బహుశా రేవులో పెరిగి బయటికి ఈదొచ్చి ఉంటుందని పరిశోధకుల అనుమానం. ఆ రకం అమ్మకాన్ని వెంటనే ఆపేశారు.

ఒక్క చేప దొరకగానే ఆపేయడం అతిగా అనిపించొచ్చు. ఆ చేపను కిలో తిన్నా వచ్చే మోతాదు 18 మైక్రోసీవర్ట్స్, అంటే మూడు రోజుల సహజ రేడియేషన్. సరిగ్గా 100 బెక్వెరల్స్ ఉన్న చేపైతే ఒక రోజు సహజ మోతాదులో ఐదో వంతు. జపాన్ 2012 ఏప్రిల్‌లో పరిమితిని 500 నుంచి 100కి తగ్గించింది. అమెరికాలో ఇది 1,200. ఫుకుషిమా మత్స్యకార సహకార సంఘాలు తమంతట తామే ఇంకా దిగి 50 పెట్టుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో ఒక సీబాస్ 85.5 చూపిస్తే, ప్రభుత్వ పరిమితిలోనే ఉన్నా, ఆ రకం సరుకు మొత్తం ఆపుకున్నాయి. ఇది ఆరోగ్యం లెక్క కన్నా మార్కెట్ లెక్క అని నాకనిపిస్తుంది. పేరు ఒకసారి పోతే చేపను ఎవరూ ముట్టుకోరని వాళ్లకు తెలుసు. నష్టపోయింది కూడా వాళ్లే.

మట్టి, ఇసుక, ఏరు

సీజియం మట్టిని పట్టుకుని వేలాడడం మీద చాలా ఆధారపడి ఉంది. బంకమట్టిలో ఇల్లైట్ అనే ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది, పుస్తకం పేజీల్లా. అంచుల దగ్గర పేజీలు కొంచెం విచ్చుకుని ఉంటాయి. సీజియం అయాన్ సరిగ్గా ఆ సందులో పట్టేంత సైజు. దూరాక బయటపడటం కష్టం. అలా ఇరుక్కున్న సీజియం చేపకు పెద్దగా అందదు, నీటిలోకీ సులువుగా రాదు. ఒక రకంగా ఇది మేలే. అందుకే అడుగు మట్టిలో ఎంత సీజియం ఉందన్న అంకె ఒక్కటే చూసి భయపడకూడదు, అందులో ఎంత కదులుతోందో చూడాలి.

కానీ పట్టు ఎప్పుడూ అంత గట్టిగా ఉండదు. ఫుకుషిమా చుట్టుపక్కల 2013 నుంచి 2016 వరకు ఎనిమిది బీచ్‌లలో ఇసుకలోకి గొట్టాలు దించి కింది నీటిని పరీక్షించారు. కేంద్రానికి వంద కిలోమీటర్ల లోపు దూరాల్లోని ఆ బీచ్‌లలో ఇసుక కింది నీటిలో ఘనపు మీటరుకు 23,000 బెక్వెరల్స్ దాకా సీజియం దొరికింది. కేంద్రం రేవులోని నీటి కన్నా పది రెట్ల దాకా. అంత దూరానికి, అంత లోతుకు ఎలా చేరింది? 2011 వసంతంలో బాగా కలుషితమైన సముద్రపు నీళ్లు తీరం వెంట పారినప్పుడు అలలు ఆ నీటిని ఇసుకలోకి ఎక్కించాయి. ఇసుక రేణువుల మీది ఖనిజాలకు సీజియం అంటుకుంది. ఇసుక కింద మంచినీళ్లున్నంత కాలం అది అంటుకునే ఉంటుంది. ఉప్పునీళ్లు లోపలికి వస్తే అందులోని లవణాలు దాన్ని తోసేసి బయటికి వదిలేస్తాయి. ప్రతి పోటుకూ కొంచెం. ఆ నీళ్లెవరూ తాగరు కాబట్టి మనుషులకు ప్రమాదమేమీ లేదు. కానీ ఇలా ఏడాదికి సముద్రంలోకి వచ్చేది, కేంద్రం నుంచి ఇంకా కారేదానితో, నదులు తెచ్చేదానితో దాదాపు సమానమని ఆ బృందం తేల్చింది. ప్రమాదం తర్వాత ఎక్కడ కొలవాలో ఆలోచించినప్పుడు బీచ్ ఇసుక కింద చూడాలని ఎవరికీ తట్టలేదు.

నదులదీ ఇలాంటి కథే, ఇంకా పెద్దది. ఫుకుషిమా రాష్ట్రంలో 70 శాతం అడవి. ఇళ్ల చుట్టూ, పొలాల్లో పైమట్టి గీకి తీసేశారు గానీ కొండల్లో అడవులన్నీ అలా చేయలేరు. తుపాను వచ్చినప్పుడల్లా అబుకుమా, నీదా, ఉకెదో లాంటి నదులు ఎర్రమట్టితో పాటు సీజియాన్ని కిందికి మోసుకొస్తాయి. కొంత ఒగకి లాంటి డ్యామ్‌ల అడుగున ఆగుతుంది. మిగతాది సముద్రం దాకా వస్తుంది. మొగలో ఉప్పునీళ్లు తగిలినప్పుడు మట్టికి అంటిన దానిలో కొంత భాగం విడిపోయి నీటిలో కలుస్తుంది.

ఒకప్పుడు నేల మీది కాలుష్యాన్ని సముద్రం మింగింది, ఇప్పుడు నేలే దాన్ని కొంచెం కొంచెంగా సముద్రానికి పంపుతోంది. ఇంగ్లండ్‌లోని సెల్లాఫీల్డ్ దగ్గర ఇది చాలాకాలంగా కనిపిస్తూనే ఉంది. అది ప్రమాదం కాదు. 1970లలో ఆ కేంద్రం అనుమతితోనే ఐరిష్ సముద్రంలోకి ఫుకుషిమా కన్నా ఎక్కువ సీజియం వదిలింది. తర్వాత వదలడం బాగా తగ్గించారు. అయినా నీటిలో సీజియం ఉంటూనే ఉంది, ఎందుకంటే అప్పట్లో అడుగు బురదలో చేరింది ఇప్పుడు మెల్లగా పైకి వస్తోంది.

ట్రిటియంతో కలగలిపితే

2023 ఆగస్టు 24 నుంచి ఫుకుషిమా ట్యాంకుల్లోని నీళ్లు సముద్రంలోకి వదులుతున్నారు. చైనా వెంటనే జపాన్ సముద్రపు చేపల్ని నిషేధించింది. చాలామంది ఈ నీళ్లనీ, రేవులోని కురోసోయ్‌నీ ఒకటే కథగా చెబుతున్నారు. కాదు. ట్యాంకు నీళ్లు ముందు సీజియాన్ని పట్టుకునే ఫిల్టర్ల గుండా, తర్వాత ఆల్ప్స్ అనే వ్యవస్థ గుండా వెళ్తాయి. మిగిలేది ప్రధానంగా ట్రిటియం, అంటే హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రకం. అది నీటి అణువులోనే భాగం కాబట్టి ఫిల్టర్ ఆపలేదు. అది చేప కండలో పేరుకోదు, దాని కిరణాలు బలహీనం. దాన్ని లీటరుకు 1,500 బెక్వెరల్స్ కన్నా తక్కువకు పలచన చేసి వదులుతున్నారు. 18,000 బెక్వెరల్స్ చేపకూ దీనికీ సంబంధం లేదు, ఆ చేప దొరికింది నీళ్లు వదలడానికి మూడు నెలల ముందు. ట్రిటియం మీద ప్రపంచం చేసిన రచ్చలో పదో వంతు రేవు అడుగు మీదా, అడవుల నుంచి వచ్చే వాగుల మీదా చేసుంటే బాగుండేది.

మనకు దీనితో సంబంధం కొవ్వాడ దగ్గర తగులుతుంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. దాని మీద చర్చంతా భూసేకరణ, పరిహారం, భూకంపాల చుట్టూ నడుస్తుంది. అవి అవసరమే. ఫుకుషిమా నేర్పింది ఇంకో ప్రశ్న: ఇప్పుడు, ఏ కేంద్రమూ కట్టక ముందు, ఆ తీరంలో ఇసుక కింది నీటిలో, ఏటి మొగల్లోని బురదలో, అడుగున తిరిగే చేపల్లో ఎంతుందో కొలిచి పెట్టారా? అణు కేంద్రాలు కట్టే చోట ముందే ఇలాంటి కొలతలు తీసే పద్ధతి మన దేశంలో ఉంది. నీటి నమూనా, మార్కెట్ చేప నమూనా దగ్గర ఆగిపోకుండా అది ఎంత లోతుగా ఉంటుందన్నదే అడగాలి.

ఇక ఫుకుషిమాలో అసలు మూలం కదల్లేదు. మూడు రియాక్టర్ల అడుగున కరిగి గడ్డకట్టిన ఇంధనం, శిథిలాలు కలిపి 880 టన్నులని అంచనా. 2024 నవంబరులో పొడవుగా సాగే రోబో పరికరంతో మొదటిసారి బయటికి తీసిన ముక్క బరువు ఒక గ్రాము కూడా లేదు. పూర్తి స్థాయిలో తీయడం 2037 లోపు మొదలయ్యేలా లేదని టెప్కోనే 2025లో చెప్పింది. అప్పటిదాకా ఆ భవనాల్లోకి నీళ్లు పోస్తూనే ఉండాలి, వాన, భూగర్భ జలం లోపలికి రాకుండా కాస్తూనే ఉండాలి, రేవులో వలలు మారుస్తూనే ఉండాలి. 2037 నాటికి కూడా 2011 నాటి సీజియం-137లో సగానికి పైనే మిగిలి ఉంటుంది.